మామ్మగారి పుస్తకాల బీరువా: గోపి పేరు కొట్టేసిన కుర్రాడు

(విజయనగరంలో బడి లైబ్రరీ చూసుకుని రిటైరైన మామ్మగారు పిల్లల పుస్తకాల గురించి పాఠకులు రాసే ఉత్తరాలకు జవాబులిస్తారు. రంజాన్ దాటాక వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు పిల్లల కథల్లోని ముస్లిం పాత్రల మీదే ఉండడంతో ఈసారి వాటినే తీసుకున్నాం.)

ప్రశ్న: మామ్మగారూ, మా బాబు రెండో తరగతి. లైబ్రరీ నుంచి తెచ్చిన కథల పుస్తకంలో 'గోపి' అని ఉన్న చోటల్లా పెన్సిల్‌తో కొట్టేసి 'అయాన్' అని తన పేరు రాసుకున్నాడు. బొమ్మలో గోపి వాళ్లమ్మకి తలమీద దుపట్టా కూడా గీశాడు. పుస్తకం ఖరీదు కట్టమన్నారు, కట్టేశాం. వాణ్ని తిట్టాను గానీ తర్వాత మనసు ఒప్పలేదు. మా పిల్లల పేర్లుండే పుస్తకాలు దొరుకుతాయా? (ఒక తల్లి, బాబామెట్ట, విజయనగరం)

జవాబు: డబ్బు కట్టారు కాబట్టి ఆ పుస్తకం ఇప్పుడు మీదేనమ్మా. వెళ్లి అడిగి తెచ్చుకోండి. పుస్తకాల మీద గీతలు గీసిన గుంటల్ని నా ఉద్యోగం ఉన్నన్నాళ్లూ కేకలేశాను, మీ వాణ్ని కూడా వేసేదాన్నే. అయితే ఇంటికి వెళ్లాక మీలాగే నాకూ నిద్రపట్టేది కాదు. వాడు పాడుచేసింది పుస్తకాన్ని కాదు, తనకి నచ్చిన కథలోకి దూరాడు. కథ నచ్చకపోతే ఏ పిల్లాడూ అంత శ్రమ తీసుకోడు.

మీరు అడిగిన పుస్తకాలు ఉన్నాయి, కానీ తక్కువ. ఉన్నవాటిలోనూ ఎక్కువ భాగం రెండే రకాలు. ఒకటి పండగ పుస్తకం: నెలవంక, సేమియా, కొత్త బట్టలు, అలాయ్‌బలాయ్, అయిపోయింది. రెండోది స్నేహం పుస్తకం: రాము నీళ్లలో పడతాడు, రహీమ్ దూకి తీస్తాడు, మాస్టారు ఇద్దర్నీ మెచ్చుకుంటారు. ఈ రెండూ చెడ్డవని అనను. కానీ ముస్లిం పిల్లాడు పండగరోజైనా కనపడాలి, ఎవరినైనా కాపాడుతూనైనా కనపడాలి, మామూలు మంగళవారంనాడు హోంవర్క్ ఎగ్గొట్టి మంచం కింద దూరకూడదు అన్నట్టుంటాయి అవి. మీ అయాన్‌కి కావలసింది మంచం కింద దూరే పుస్తకం. గోపి చేసిన పని అదే అయ్యుంటుంది, అందుకే వాడి చోటు లాక్కున్నాడు.

నా బీరువాలోంచి మొదట 'ఇస్మత్స్ ఈద్' ఇస్తాను. రాసినావిడ ఫౌజియా గిలానీ విలియమ్స్, వేసింది చెన్నైలోని తూలిక ప్రచురణ సంస్థ. పండగ పుస్తకమే, కానీ నీతి జోలికి పోదు. చెప్పులు చేసి అమ్మే ఇస్మత్ పండక్కి ఇంట్లో అందరికీ బహుమతులు కొని, తనకో ప్యాంటు కొనుక్కుంటాడు. అది నాలుగు వేళ్ల పొడుగెక్కువ. భార్యని, తల్లిని, కూతుర్ని కుట్టిపెట్టమంటే ఎవరికీ తీరిక లేదు. తనే కత్తిరించి కుట్టుకుంటాడు. తర్వాత ఒకరికి తెలియకుండా ఒకరు జాలిపడి, ఆ ముగ్గురూ తలో నాలుగు వేళ్లు కత్తిరిస్తారు. తెల్లారేసరికి ప్యాంటు ఎక్కడికి వచ్చి ఉంటుందో మీ వాణ్నే లెక్కపెట్టమనండి. ఇది టర్కీ దేశపు పాత జానపద కథ. అమెరికాలో ఇదే కథ ఇస్మత్ పేరు నబీల్‌గా మార్చి వేశారు. అంటే పేరు మార్చి చదువుకోవడం మీ అబ్బాయి ఒక్కడే చేసిన పనేం కాదు.

ఇంకాస్త పెద్దయ్యాక, మూడు నాలుగు తరగతులకి వచ్చినప్పుడు, నీనా సబ్నానీ రాసిన 'ముకంద్ అండ్ రియాజ్' ఇవ్వండి. అదీ తూలికదే. దేశ విభజనప్పుడు కరాచీలో విడిపోయిన ఇద్దరు కుర్రాళ్ల కథ. ఆవిడ తన తండ్రి చెప్పిన జ్ఞాపకాలతో రాశారు. గుడ్డముక్కలు అతికి కుట్టినట్టుండే బొమ్మల కోసమే ఆ పుస్తకం కొనొచ్చు. పైన స్నేహం పుస్తకాల్ని దెప్పాను కదా, మరి ఇదేమిటంటారా? ఇందులో ఇద్దరికీ క్రికెట్ పిచ్చి. ముందు వాళ్లు ఆడుకుంటారు, తర్వాతే దేశం విడిపోతుంది. ఆ వరస ముఖ్యం.

తూలికవాళ్లు తెలుగుతో కలిపి చాలా భాషల్లో వేస్తారు. ఆర్డరు పెట్టేముందు మీకు కావలసిన పుస్తకం తెలుగు ప్రతి ఉందో లేదో అడగండి. ఖర్చు ఎందుకనుకుంటే ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్ ఉంది. 2015 నుంచి నడుస్తోంది, ఫోన్‌లోనే ఉచితంగా చదువుకోవచ్చు. అక్కడ ఇంకో సదుపాయం కూడా ఉంది. కథని మార్చి, కొత్త పేర్లతో మీరే మళ్లీ తయారుచేసుకోవచ్చు. దాని లైసెన్సే అలాంటిది. పెన్సిల్ లాక్కోనక్కర్లేదు.

ప్రశ్న: నేను ఉపాధ్యాయుణ్ని. 'ఈద్‌గాహ్' కథ ఏటా చెబుతున్నాను. పిల్లలు ఏటా ఒకే మాట చెబుతారు: "హమీద్ మంచి బాలుడు, పెద్దలను ప్రేమించాలి." అంతకు మించి ఏం అడగాలో తోచడం లేదు. (నరసన్నపేట, శ్రీకాకుళం జిల్లా)

జవాబు: మాస్టారూ, ఆ కథని పదో తరగతి హిందీ పాఠంగా చదివినవాళ్లు మన దగ్గర చాలామంది ఉన్నారు. అందుకే కాబోలు ఆ జవాబుకి పరీక్ష వాసన. ప్రేమ్‌చంద్ 1933లో ప్రచురించిన కథలో అంత బుద్ధిమంతుడు లేడు.

కథ దగ్గర పెట్టుకుని చూడండి. హమీద్‌కి నాలుగైదేళ్లు. అమ్మా నాన్నా పోయారు, నానమ్మ అమీనా పెంచుతోంది. వాడి జేబులో 3 పైసలు. మహమూద్ దగ్గర 12, మొహసిన్ దగ్గర 15. తిరునాళ్లలో మొహసిన్ రేవడీ మిఠాయి ఇస్తానని పిలిచి, వీడు చెయ్యి చాచగానే తన నోట్లో వేసుకుంటాడు. అందరూ చప్పట్లు కొట్టి నవ్వుతారు. అప్పుడు హమీద్ ఏమనుకుంటాడు? 'తినండి తినండి, మీ నోళ్లు పాడవుతాయి, కురుపులు లేస్తాయి' అనుకుంటాడు లోపల. మట్టిబొమ్మల్ని చూసి వాడి చేతులు వాటంతటవే ముందుకు వెళతాయి. రొట్టెలు కాల్చేటప్పుడు నానమ్మ వేళ్లు కాలకుండా కొందామనుకున్న పట్టకారు 6 పైసలంటే ఆశ చంపుకుంటాడు, ఆఖరి ధర 5 అంటే గుండె చిక్కబట్టుకుని 3కి ఇస్తావా అని అడిగి, దుకాణదారు కసురుతాడేమోనని ముందుకు నడిచేస్తాడు. కొన్నాక దాన్ని తుపాకీలా భుజం మీద పెట్టుకుని దర్జాగా వస్తాడు. అప్పుడు మొదలవుతుంది వాదన. సిపాయి బొమ్మ గొప్పదా, వకీలు గొప్పవాడా, పట్టకారు గొప్పదా? వాడు గెలిచింది న్యాయంతో కాదు, నోటితో. తన పట్టకారుని రుస్తుం లాంటి వీరుడన్నాడు, పులి అన్నాడు, ఏదొస్తే అది అన్నాడు.

మీరు అడగవలసింది అదీ. 'హమీద్‌కి అసలు బొమ్మ కావాలనిపించలేదా?' అని అడగండి. 'లేదు' అన్నవాణ్ని పుస్తకంలో చూపించమనండి. మొహసిన్ చేసిన పని మన క్లాసులో ఎవరైనా చేశారా అని అడగండి, చేతులు లేవవు గానీ మొహాలు చెబుతాయి. తర్వాత శ్రీముఖలింగం శివరాత్రి తిరునాళ్లకి తలో వంద రూపాయలతో పంపినట్టు ఊహించుకుని, ఎవరేం కొంటారో రాయమనండి. పట్టకారు కొంటానన్నవాడికి మాత్రం మార్కులు వెయ్యకండి, వాడు మీ కోసం రాశాడు.

మరొకటి. చివర నానమ్మ ఎందుకు ఏడ్చిందో పిల్లలకు విడమరిచి చెప్పకండి. ఆ రహస్యం హమీద్‌కి ఏం తెలుస్తుంది అని ప్రేమ్‌చందే వదిలేశాడు. వాళ్లలో కొందరికి అర్థంకాక చిరాకు పుడుతుంది. పుట్టనివ్వండి.

అదే క్లాసుకి నేను నోటితో చెప్పే కథ ఒకటుంది, 'అబ్బూఖాన్ మేక'. రాసింది జాకిర్ హుస్సేన్. 1897లో మన హైదరాబాదులో పుట్టి, 1967లో రాష్ట్రపతి అయిన ఆయనే. మొదట తన కూతురి పేరు పెట్టి ప్రచురించారు. అల్మోడా కొండల్లో అబ్బూఖాన్ అనే ముసలాయన పెంచిన చాందనీ అనే మేక తాడు వదిలించుకుని కొండెక్కి, తోడేలుతో రాత్రంతా పోరాడి తెల్లారుతుండగా చచ్చిపోతుంది. తోడేలే గెలిచిందంటాయి చెట్టు మీది పిట్టలు. ఒక ముసలి పిట్ట మాత్రం చాందనీ గెలిచిందంటుంది. దీనికి మూలం ఫ్రెంచి రచయిత దొదే కథ. ఇందులో అబ్బూఖాన్ ముస్లిం అన్న సంగతి కథకి పనేమీ పెట్టదు. ఊళ్లో మేకలున్న ముసలాయన, అంతే. నాకు కావలసిన ముస్లిం పాత్రల్లో ఇది ఒక రకం. మూడో తరగతి లోపువాళ్లకి చెప్పకండి, మేక చచ్చిపోయిందని అన్నం మానేస్తారు.

ప్రశ్న: అమ్మా, ఈ మధ్య అన్నిట్లోనూ మతాలే. మా మనవడు ఆలీబాబా, అల్లావుద్దీన్ చదువుతూనే ఉన్నాడు. మేం చందమామలో చదివి పెరిగాం. ఇంకా వేరే ముస్లిం పుస్తకాలెందుకు? (ఒక తాత, రాజాం)

జవాబు: తాతగారూ, చదవనివ్వండి. నేనూ అవే చదివి పెరిగాను. కానీ ఒక చిన్న చిక్కుంది. ఆ రెండు కథలూ పాత అరబ్బీ వెయ్యిన్నొక్క రాత్రుల ప్రతుల్లో లేవు. ఆంత్వాన్ గాలాఁ అనే ఫ్రెంచి పండితుడికి 1709లో పారిస్‌లో హన్నా దియాబ్ అనే అలెప్పో కుర్రాడు చెప్పాడు. ఆ కుర్రాడు క్రైస్తవుడు. పైగా అచ్చయిన కథలో అల్లావుద్దీన్ ఉండేది చైనాలో! కాబట్టి మీ మనవడు గుహలు, కత్తులు, దీపాలు చదువుతున్నాడు గానీ, రాజాం బస్టాండు దగ్గర సైకిళ్లు బాగుచేసే ఆయన కొడుకు ఇంట్లో ఏం తింటాడో, ఎవరిని చూసి భయపడతాడో చదవడం లేదు. వాడి బెంచీలో కూర్చునేది ఆ కుర్రాడు, నలభైమంది దొంగలు కాదు.

మా ఊరి ఆదిభట్ల నారాయణదాసుగారి సంగతి మీకు తెలిసే ఉంటుంది. హరికథా పితామహుడు, ఇక్కడి సంగీత కళాశాలకి తొలి ప్రిన్సిపాల్. ఆయన పారశీకం నేర్చుకుని ఉమర్ ఖయ్యాం రుబాయీ పద్యాల్ని సంస్కృతంలోకి, అచ్చ తెలుగులోకి తెచ్చారు. ఆయన ఆలీబాబాతో ఆగలేదు, మీ మనవణ్ని ఎందుకు ఆపడం?

ప్రశ్న: మామ్మగారూ, నేను ఐదో తరగతి. నా ఫ్రెండ్ రోజా ఉన్నానన్నాడు. నీళ్లు కూడా తాగలేదట! నిజమేనా? మా కథల పుస్తకంలో తాగకూడదని రాయలేదు. (పలాస)

జవాబు: నిజమే నాన్నా. రోజా అంటే ఉపవాసం. తెల్లవారుజామునుంచి సూర్యుడు అస్తమించేదాకా తిండీ లేదు, నీళ్లూ లేవు. జబ్బుపడినవాళ్లకి, ప్రయాణంలో ఉన్నవాళ్లకి మినహాయింపు ఉంది. నీ వయసు పిల్లలు ఉండి తీరాలని లేదు. నీ ఫ్రెండ్ పట్టుబట్టి ఉండుంటాడు. మధ్యాహ్నం వాడి ముందు కూర్చుని ఐస్‌ఫ్రూట్ తినకు, సరేనా.

నీ పుస్తకాన్ని పరీక్షించే ఉపాయం ఒకటి చెబుతాను. రంజాన్ పండగ ముందు సాయంత్రం బొమ్మలో చంద్రుడు ఎలా ఉన్నాడో చూడు. గుండ్రంగా నిండుగా ఉంటే బొమ్మ వేసినాయనకి తెలియదన్నమాట. నెల మొదలయ్యేది సన్నటి నెలవంకతో. అది పొద్దుగుంకాక పడమట కాసేపే కనిపిస్తుంది. బక్రీద్ అయితే నెలలో పదోరోజు, అప్పుడు చంద్రుడు సగానికి పైగా ఉంటాడు. చంద్రుడి లెక్కలో ఏడాదికి సుమారు 354 రోజులే కాబట్టి రంజాన్ ఏటా పది పదకొండు రోజులు ముందుగా వస్తుంది. మీ నాన్నగారు చిన్నప్పుడు వానాకాలంలో చూసిన పండగ నువ్వు ఎండల్లో చూడొచ్చు. తప్పు బొమ్మ దొరికితే నాకు రాసి పంపు, ఆ ప్రచురణకర్తకి నేను ఉత్తరం రాస్తాను.

ప్రశ్న: ఇలాంటి పుస్తకాలు ఇంటికి తెస్తే మా ఆయన ఊరుకోరు. "పిల్లలకి ఇప్పట్నించే ఎందుకివన్నీ" అంటారు. ఏం చెయ్యను? (బొబ్బిలి)

జవాబు: ఆయనతో వాదించకండి. రాత్రి పడుకునేముందు ఆయన పక్కనుండగానే ఇస్మత్ ప్యాంటు కథ గట్టిగా చదవండి. మూడో మనిషి కత్తెర తీసేసరికి నవ్వకపోతే అప్పుడు నాకు మళ్లీ రాయండి. నవ్వితే, టాగోర్ 1892లో రాసిన 'కాబూలీవాలా' ఆయన చేతికే ఇవ్వండి. అది పిల్లల కథని అందరూ అంటారు గానీ నా లెక్కలో ఆడపిల్లల తండ్రుల కథ.

ప్రశ్న: నాకు కల్పిత కథలు నచ్చవు. నిజంగా బతికిన ముస్లింల గురించి, అందులోనూ చిన్నప్పటి సంగతులు చెప్పండి. నాకు పక్షులంటే ఇష్టం. (ఎనిమిదో తరగతి విద్యార్థిని, టెక్కలి)

జవాబు: తేలినీలాపురం పక్కనే పెట్టుకుని పక్షులంటే ఇష్టం లేకపోతేనే ఆశ్చర్యపోవాలమ్మా. నీకు సలీం అలీ సరిపోతాడు. 1896లో బొంబాయిలో పుట్టాడు. అమ్మా నాన్నా చిన్నప్పుడే పోతే మేనమామ అమీరుద్దీన్ త్యాబ్జీ ఇంట పెరిగాడు. బొమ్మ తుపాకీతో పిచ్చుకల్ని కొట్టేవాడు. పక్షి శాస్త్రవేత్త చిన్నప్పుడు పక్షుల్ని కొట్టాడు, ఈ సంగతి దాచే పుస్తకాన్ని కొనకు. ఒకరోజు పడిన పిచ్చుక గొంతు దగ్గర పసుపు మచ్చ కనిపించింది. అదేం పిట్టో మేనమామకీ తెలియక బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి పంపాడు. అక్కడ మిల్లార్డ్ అనే దొర వాడికి పిట్ట పేరు చెప్పి, అల్మరాల నిండా ఉన్న పక్షుల్ని చూపించాడు. సలీం అలీ ఆత్మకథకి పేరు ఆ పిచ్చుక మీదే పెట్టుకున్నాడు, 1985లో వచ్చింది. ఇంగ్లీషు కాస్త గట్టిగానే ఉంటుంది. పదో తరగతి సెలవుల్లో ప్రయత్నించు.

తెలుగులో ఇప్పుడే చదవాలంటే కలాంగారి 'ఒక విజేత ఆత్మకథ' మొదటి అధ్యాయాలు చాలు. అందులో రాకెట్ల కంటే నాకు ఐదో తరగతి సంగతి ఇష్టం. రామేశ్వరం బడిలో కలాం టోపీ పెట్టుకుని, పూజారిగారబ్బాయి రామనాథ శాస్త్రి పక్కన ముందు బెంచీలో కూర్చునేవాడు. కొత్తగా వచ్చిన మాస్టారు అది చూడలేక కలాంని వెనక బెంచీకి పంపేశాడు. శాస్త్రి ఏడ్చాడు. ఇద్దరూ ఇళ్లలో చెప్పారు. పూజారి లక్ష్మణశాస్త్రిగారు మాస్టార్ని పిలిపించి గట్టిగా మందలించారు. ఇలాంటి చోట బడి పుస్తకాలు గబగబా స్నేహం మీదికి వెళ్లిపోతాయి. నువ్వు మాత్రం వెనక బెంచీకి నడుస్తున్న పిల్లాడి దగ్గర కాసేపు ఆగు.

కల్పితం నచ్చదన్నావు, అయినా ఒక్కటి చెబుతాను. రుకయ్యా హుస్సేన్ అనే బెంగాలీ ముస్లిం ఆవిడ ఇంగ్లీషులో రాసిన 'సుల్తానాస్ డ్రీమ్' 1905లో మద్రాసు పత్రికలో అచ్చయింది. ఆ దేశంలో మగవాళ్లు పరదా చాటున ఉంటారు, ఆడవాళ్లు ఎండతో వంట చేస్తారు, గాల్లో బండ్లు నడుపుతారు, మబ్బుల్లోంచి నీళ్లు లాగుతారు. ఆవిడ తర్వాత ఆడపిల్లలకి బడి పెట్టింది, 1911 నుంచి కలకత్తాలో నడిపింది. కాబట్టి సగం నిజమే అనుకో.

ప్రశ్న: నేను పిల్లల కథలు రాస్తాను. రహీమ్ అనే మంచి కుర్రాడు వరదలో రాముని కాపాడే కథ పంపితే పత్రికలు తిప్పి పంపుతున్నాయి. మత సామరస్యం ఎవరికీ అక్కర్లేదా? (ఆమదాలవలస)

జవాబు: అక్కరే బాబూ. కానీ పైన మొదటి జవాబు చదివితే నీ రాము ఇప్పటికే చాలాసార్లు మునిగాడని తెలుస్తుంది. నీ కథ నాకూ పంపావు, చదివాను. రహీమ్ పేరు తీసేస్తే అతను ముస్లిం అని చెప్పేది తెల్లటోపీ ఒక్కటే. వాళ్ల నానమ్మని ఏమని పిలుస్తాడు? ఇంట్లో దక్కనీ ఉర్దూ మాట్లాడతారా, నూర్‌బాషా వాళ్లలాగా తెలుగే మాట్లాడతారా? శుక్రవారం బడి ఎగ్గొట్టి నమాజ్ వంకపెట్టి నాగావళి గట్టుకి వెళ్లిన రోజుందా? అన్నదమ్ములతో దేనికి కొట్టుకుంటాడు? ఇవేవీ నీకు తెలియవు, అందుకే వాణ్ని నీళ్లలోకి దూకించావు.

నెల్లూరు జిల్లా కావలి నుంచి వచ్చిన మహమ్మద్ ఖదీర్‌బాబు 'దర్గామిట్ట కథలు' తెచ్చుకో. పెద్దవాళ్ల కోసం రాసినవే గానీ నిండా పిల్లలే. ఎవరూ ఎవర్నీ ఉద్ధరించరు. వాళ్ల నాన్న, నాయనమ్మ, పేదరికం, తిండి, అల్లరి, ఇవే ఉంటాయి. మన ఉత్తరాంధ్రలో అలాంటి పుస్తకం ఒకటుండాలని నాకెప్పటినుంచో ఆశ. మా ఊళ్లో ఖాదర్ బాబా దర్గా ఉరుసుకి ఊరంతా వెళ్లి అన్నం తింటుంది. ఆ వంటశాలలో ఉల్లిపాయలు తరిగే కుర్రాడి కథ ఒక్కటి ఎవరూ నాకు చూపించలేదు. వాడికి కళ్లు మండుతున్నాయి, బయట స్నేహితులు రంగులరాట్నం ఎక్కుతున్నారు, వాడు మాత్రం ఇంకో బస్తా పూర్తిచెయ్యాలి. నీకు కావాలంటే తీసుకో. వరద మాత్రం తీసుకురాకు. రాశాక రెండు మూడు ముస్లిం ఇళ్లలో పిల్లలకి చదివి వినిపించు, వాళ్లు నవ్వకూడనిచోట నవ్వితే అక్కడ తిరగరాయి. తర్వాత పంపు, చేతిరాత కాస్త విడివిడిగా ఉండేలా చూడు.